ఎవరికీ ఏమీ కాని ఖాదర్‌బీ

కొండ్రుపాలెం,
ప్రత్తిపాడు దగ్గర,
12-8-1961.

మహారాజశ్రీ తాలూకా కచేరీ పింఛన్ల గుమాస్తా గారికి,

దూదేకుల సిలార్ భార్య ఖాదర్‌బీ సలాము చేసి, దణ్ణం కూడా పెట్టి రాయించుకునే అర్జీ. తమరు ఏ దేవుణ్ణి కొలుస్తారో తెలియదు గనక రెండూ చేశాను.

అయ్యా, అరవై అయిదేళ్లు దాటి, చూసే దిక్కు లేని ముసలివాళ్లకు సర్కారు నెలకు పదిహేను రూపాయలు ఇస్తోందని మా ఊరి మిషను బడి పంతులమ్మ రెబ్కా పేపర్లో చదివి చెప్పింది. అప్పుడు నేను పరుపు కుడుతున్నాను. సూది వేల్లో గుచ్చుకున్నా తెలియలేదంటే నమ్మండి, అంత సంతోషమేసింది. రెబ్కాను బడికి కూడా పోనివ్వకుండా కూర్చోబెట్టి ఈ ఉత్తరం రాయిస్తున్నాను.

మాది దూది ఏకే వంశం. నా పెనిమిటి సిలార్ భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకాడు. తరవాత చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో చేరి, ఆ దుమ్ములోనే ముసలివాడై, ఊపిరి చెడి పోయాడు. ఆయన పక్కన నిలబడి పనిచేసినవాళ్లు దిగిపోయేటప్పుడు ఫండు డబ్బు మూట కట్టుకుని ఇంటికెళ్లారు. మా వాళ్లలో ఒక్కడికీ రాలేదు. ఏమయ్యా అని అడిగితే, మీరు ఏకినదానికి కూలి పుచ్చుకునే బయటి మనుషులు, మీ పేర్లు మిల్లు పుస్తకంలో ఎక్కవన్నాడు మేస్త్రీ. పాతికేళ్లు లోపల ఉన్నవాడు బయటి మనిషెట్లా అయ్యాడో ఆ మేస్త్రీకే తెలియాలి.

నేతవాళ్ల సంఘానికి పోయి అడిగాను. నువ్వు నేసేదానివి కాదు, ఏకేదానివి, పొమ్మన్నారు. పట్నంలో జమాతు పెద్దల దగ్గరికి పోయాను. మీకు ఉర్దూ రాదు, శ్రీరామనవమికి పానకం తాగుతారు, మీరు మావాళ్లెట్లా అవుతారన్నారు. పానకం తాగిన మాట నిజమే. బాగుంటుంది.

నాకు పిల్లలు పుట్టలేదు. తోడబుట్టినవాళ్లు లేరు. తిండి ఏదోలా జరిగిపోతోంది. డబ్బెందుకంటారా? రంజాను పండగనాడు పెద్దవాళ్లు పిల్లల చేతుల్లో డబ్బు పెట్టాలి. ఈదీ అంటాం. ఏటేటా ఊళ్లో పిల్లలందరూ, మావాళ్లూ మీవాళ్లూ అని లేకుండా, నా గుమ్మం ముందుకు వస్తారు. నేను ఉత్త చేత్తో తల నిమిరి పంపిస్తాను. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. నా చెయ్యి ఎప్పుడూ కిందే ఉండిపోయింది. పోయేలోగా ఒక్క పండగన్నా దాన్ని పైన పెట్టి చూసుకోవాలని ఉంది. వచ్చే పండగ లోపల దయ చూడండి.

ఇట్లు,
ఖాదర్‌బీ వేలిముద్ర.

తా.క. ఈ ఉత్తరంతో బూరుగు దూది దిండు ఒకటి బస్సులో పంపుతున్నాను. కచేరీ కుర్చీలు గట్టివని మునసబు గారు చెప్పారు.

ఇంకో తా.క. అయ్యా, నేను రెబ్కాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మేస్త్రీని గురించి చెప్పినదాంట్లో మాత్రం సగమే రాశాను.

*

తాలూకా కచేరీ,
పింఛన్ల సెక్షన్,
4-9-1961.

కొండ్రుపాలెం గ్రామ కాపురస్థురాలు ఖాదర్‌బీకి,

మీ అర్జీ అందినది. అర్జీలో పానకము మొదలగు అనవసర విషయములు వ్రాయరాదు.

నిబంధనల ప్రకారము అర్జీదారును పోషించగల కొడుకులు గాని, కూతుళ్లు గాని, అల్లుళ్లు గాని, మనుమలు గాని, మరి ఏ ఇతర బంధువులు గాని ఉండరాదు. ఈ విషయము విచారించుటకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అంకారావు గారు గ్రామమునకు వచ్చెదరు. గ్రామస్థులను విచారించి రిపోర్టు ఇచ్చెదరు. వారికి సహకరించవలెను.

ఇట్లు,
వి. సీతారామాంజనేయులు,
గుమాస్తా.

తా.క. మీరు పంపిన దిండు లంచము క్రిందికి వచ్చునో రాదో తేలవలసియున్నది. తేలువరకు బీరువాలో భద్రపరచబడినది.

*

కొండ్రుపాలెం,
20-9-1961.

మహారాజశ్రీ సీతారామాంజనేయులు గారికి ఖాదర్‌బీ సలాములు, దణ్ణాలు.

అయ్యా, మీ ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లాడు. ఎంత బాగా జరిగిందో ఏమని చెప్పను! ఇక పింఛను వచ్చినట్టే. మీరు కూడా చూస్తే ఎంత బావుండేదో.

ఆయన సైకిలు దిగి రచ్చ దగ్గర నిలబడి, "ఈ ఊళ్లో ఖాదర్‌బీ అనే దిక్కులేని ముసలమ్మ ఎవరయ్యా?" అన్నాడు. అంతే. మిరప చేలల్లో వాళ్లు పని వదిలేసి వచ్చారు. మా ఊరివాళ్ల నోరు సంగతి మీకు తెలియదు, మామూలుగా మాట్లాడితేనే పక్కూరికి వినబడుతుంది.

"ఎవరయ్యా దిక్కులేనిది? మా పిన్నమ్మా? నేను చచ్చాననుకున్నావా?" అని ముందు గుడి పూజారి గారు లేచారు. మునసబు గారు, "మా వదినకు ఎవరూ లేరని ఏ వెధవ చెప్పాడు, పేరు చెప్పు" అన్నారు. కరణం గారు మెల్లగా మాట్లాడతారు కదా, ఆయన కూడా గొంతు పెంచి, "ఆమె నాకు అక్క. రాసుకో" అన్నారు. పిల్లకాయలు నానమ్మా నానమ్మా అని నా చుట్టూ మూగారు. సాలెవాళ్లు, మాలపల్లివాళ్లు, కమ్మవారు, అందరూ వచ్చారు. ఒక్కరన్నా నా మీద చెడుమాట చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు రాయలేక రాయలేక రాశాడు, పాపం చెయ్యి నొప్పెట్టి మధ్యలో విదిలించుకున్నాడు కూడా.

మా పక్కింటి వెంకటరావమ్మ ఒక్కతే రాలేదు. నా దూది ఎగిరి ఆవిడ ఆరబోసిన మిరపకాయల మీద పడుతుందని ఆవిడకు కోపం. ఆవిడ మిరప ఘాటు నా దూదిలో పడి, ఒక కొత్త పెళ్లికూతురు మొదటిరాత్రి పరుపెక్కి తుమ్ముతూ కూర్చుందని నాకు కోపం. మాకు మాటల్లేవు, తిట్లే. ఆవిడ రాకపోవడం మంచిదే అయింది.

అయ్యా, మనియార్డరు ఎప్పుడొస్తుందో రాయండి. పోస్టు జవాను జాన్ బాషాకు ఇప్పుడే చెప్పి పెట్టాను.

ఇట్లు,
సంతోషంగా ఉన్న ఖాదర్‌బీ.

తా.క. దిండు బీరువాలో పెడితే చీమలు పడతాయి. తల కింద పెట్టుకోండి.

రెబ్కా తా.క. అయ్యా, సాక్ష్యం ఇంత బాగా జరగడం నాకెందుకో కొంచెం భయంగా ఉంది. ఆమెకు చెప్పలేదు.

*

తాలూకా కచేరీ,
పింఛన్ల సెక్షన్,
11-10-1961.

కొండ్రుపాలెం గ్రామ కాపురస్థురాలు ఖాదర్‌బీకి,

ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టు అందినది. దాని సారాంశము ఈ దిగువ వ్రాయబడినది.

అర్జీదారుకు కొడుకులు: గ్రామములోని మగవారిలో సగము మంది. మనుమలు: తక్కిన సగము. అల్లుళ్లు, మేనల్లుళ్లు: పొరుగూళ్లలో కూడ కలరు. మరుదులు: గ్రామ మునసబు. తమ్ముళ్లు: గ్రామ కరణము. అందరును భూవసతి గలవారు. అందరును పోషించుటకు సిద్ధముగా ఉన్నట్లు గట్టిగా, మిక్కిలి గట్టిగా, చెప్పినారు.

కావున మీ అర్జీ తిరస్కరించబడినది. తాలూకాలో ఇంత మంది బంధువులు గల అర్జీదారు ఇంతవరకు ఈ సెక్షనునకు తగులలేదు.

మరియు, కరణము గారు బ్రాహ్మణులు, మీరు దూదేకులవారు. ఆయన మీకు తమ్ముడెట్లయినాడో సంజాయిషీ పంపవలెను.

ఇట్లు,
వి. సీతారామాంజనేయులు,
గుమాస్తా.

తా.క. దిండు లంచము కాదని తేలినది. తిరిగి పంపుటకు పద్దు లేదు. బీరువాలోనే ఉన్నది.

*

కొండ్రుపాలెం,
18-10-1961.

గుమాస్తా గారికి ఖాదర్‌బీ రాయించేది.

మహారాజశ్రీ ఈసారి లేదు. కోపంలో ఉన్నాను.

అయ్యా, మీది ఏ ఊరు? మీ ఊళ్లో ఎవరినీ వరస పెట్టి పిలవరా? మా ఊళ్లో పుట్టిన పిల్లకు మాటలు వచ్చేసరికి ఊరంతటికీ వరసలు వచ్చేస్తాయి. కరణం గారి అమ్మ మా అమ్మను అక్కా అని పిలిచేది. కాబట్టి ఆయన నాకు తమ్ముడు. నా చేత్తో నీళ్లు తాగరు, నేను ఆయన వంటింట్లోకి పోను, అయినా తమ్ముడే. ఇదీ సంజాయిషీ. దీనికి కూడా రశీదు కావాలా?

వరస అంటే పిలుపు. పిలిచినంత మాత్రాన ఆస్తి రాసిస్తారా? మునసబు గారు వదినా అంటారు. ఆయన పొలం గట్టు మీద నా మేక కాలు పెడితే బందెలదొడ్డికి తోలించేదీ ఆయనే.

నా కడుపుమంట ఏమిటో వినండి. మిల్లు వాళ్లు బయటి మనిషివన్నారు. సంఘం వాళ్లు మాదానివి కాదన్నారు. జమాతు వాళ్లు మాదానివి కాదన్నారు. డబ్బు పంచే చోటల్లా మేం ఎవరికీ ఏమీ కాము. తీరా మీ దగ్గర పింఛను అడిగేసరికి అందరికీ అన్నీ అయిపోయామా? ఇదెక్కడి న్యాయం నాయనా?

ఈ ఉత్తరం తీసుకెళ్లి మీ పై అధికారికి చూపించండి. భయమైతే చెప్పండి, నేనే వస్తాను.

ఇట్లు,
ఖాదర్‌బీ. వేలిముద్ర గట్టిగా వేశాను, కాగితం చిరిగితే క్షమించండి.

రెబ్కా తా.క. అయ్యా, మీ జవాబు చదివి వినిపించాక ఊరంతా తలలు పట్టుకున్నారు. పూజారి గారు నిన్నటి నుంచీ భోంచేయలేదట. పూజారి గారి భార్య మాత్రం, మొన్నటి పులిహోర ఎక్కువైందని చెప్పింది.

*

తాలూకా కచేరీ,
పింఛన్ల సెక్షన్,
9-11-1961.

శ్రీమతి ఖాదర్‌బీ గారికి,

మీ సంజాయిషీని తహసీల్దారు గారికి చూపినాను. భయపడలేదు. కొంచెము పడినాను.

వారు రెండు పర్యాయములు చదివి, వరస వేరు, బంధుత్వము వేరు అని అర్జీదారు అనుచున్నది గనుక దానికి ఋజువు కావలెనన్నారు. "ఈ ఖాదర్‌బీ మాకు ఏమియు కాదు" అని గ్రామస్థులు సంతకములు చేసిన కాగితము పంపవలెను. ఇన్‌స్పెక్టరు గారు మరల వచ్చి విచారించెదరు. ఈసారి ఒక్కరైనను మిమ్ములను పోషించుచున్నట్లు చెప్పినచో ఫైలు మూసివేయబడును.

ఇట్లు,
వి. సీతారామాంజనేయులు,
గుమాస్తా.

తా.క. ఇది కచేరీ మాట కాదు, నా మాట. ఇన్‌స్పెక్టరు గారు వచ్చే వారమంతా మీ ఊరివాళ్లను నోరు కట్టుకోమనండి. పిన్నీ, అత్తా, వదినా, ఒక్కటి కూడా వినబడకూడదు. ముందు నుంచే అలవాటు చేయించండి.

మరొక తా.క. బీరువాలోని దిండు మధ్యాహ్నము వేళ కనబడుట లేదు. హెడ్ గుమాస్తా గారు కూడ సరిగ్గా ఆ వేళలోనే కనబడుట లేదు.

*

కొండ్రుపాలెం,
2-12-1961.

సీతారామాంజనేయులు గారికి,

ఎవరికీ ఏమీ కాని ఖాదర్‌బీ సలాములు.

నాయనా, మీరు చెప్పినట్టే చేశాం. ముందు కాగితం సంగతి. కరణం గారు చక్కగా రాశారు. రాసి, సంతకం చెయ్యకుండా కలం కింద పెట్టేశారు. "రాయడం నా ఉద్యోగం అక్కా, సంతకం నా పాపం" అన్నారు. ఆ కాగితం ఊరంతా తిరిగి తిరిగి, ఒక్క వేలిముద్ర కూడా పడకుండా, చివరికి నా దగ్గరికే వచ్చింది. నువ్వు మాకేమీ కావని రాస్తే చెయ్యి పడిపోదూ అన్నారు అందరూ.

సరే, నోటితోనన్నా చెబుదామని మునసబు గారు చాటింపు వేయించారు. ఈ రోజు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లేదాకా ఖాదర్‌బీని వరస పెట్టి పిలిచినవాడికి అర్ధరూపాయి జరిమానా. మొదటి జరిమానా ఆ చాటింపు వేసినవాడిదే. నా గుమ్మం ముందు డప్పు ఆపి, "అత్తా, కొంచెం పక్కకు జరుగు, చాటింపు వెయ్యాలి" అన్నాడు.

ఊరంతా నన్ను "ఖాదర్‌బీ గారూ" అనడం మొదలుపెట్టారు. పిల్లకాయలు గారూ అని పరిగెత్తి వెళ్లి, గోడ చాటున నవ్వేవాళ్లు. పూజారి గారు ఎదురుపడితే పలకరించకుండా పోలేక, పిలవలేక, కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి తల వంచుకుని పోయేవారు. ఎవరూ నాకు అన్నం పెట్టకూడదని కూడా కట్టడి చేశారు. దానితో ఎవరికి వారు, పాపం ముసల్ది పస్తుంటుంది, ఒక్కసారి ఇస్తే ఎవరికి తెలుస్తుందిలే అని, పెరటి దోవన కూర గిన్నెలు తెచ్చారు. ఒక మధ్యాహ్నం మునసబు గారి భార్య ముందు నుంచీ, కరణం గారి భార్య వెనక నుంచీ వచ్చి నా వంటింట్లో ఒకరికొకరు గుద్దుకున్నారు. మామూలుగా వచ్చే దానికి మూడింతలు వచ్చింది. గోంగూర చూస్తే ఇప్పటికీ గుండె దడ.

మొదట నవ్వుకున్నాను నాయనా. మూడో రోజుకు నవ్వు ఆగిపోయింది. పొద్దున్నే నిద్ర లేస్తే పిన్నీ అని ఒక్క పిలుపు వినబడదు. బావి దగ్గరికి పోతే ఖాదర్‌బీ గారూ అని దారిస్తారు. సిలార్ పోయినప్పుడు కూడా నేను ఒంటరిదాన్నని అనిపించలేదు. ఈ వారం అనిపించింది. సర్కారు వారి దిక్కులేనితనం ఏమిటో రుచి చూశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అందరూ తలలు వంచుకుని, మాకేమీ కాదండీ, మాకేమీ కాదండీ అన్నారు. బాగానే జరుగుతోంది. ఆఖరి సాక్ష్యం వెంకటరావమ్మ. ఆవిడను ఊరి పెద్దలే పిలిపించారు. జన్మలో నన్ను వరస పెట్టి పిలవనిది ఆవిడ ఒక్కతే కదా, అబద్ధం చెప్పే పని కూడా లేదు.

"ఈవిడ మీకేమవుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏమీ కాదు బాబూ. శత్రువు" అన్నది. మునసబు గారి మొహం వెలిగిపోయింది.

"మరి ఈవిడకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?"

"ఇంకెవరు? నేనే. మొన్న ఎండాకాలం జ్వరమొస్తే జావ కాచి పోసింది నేను కాదూ? ఇది పోతే నేనెవరితో పోట్లాడాలి? ఎట్లా పోనిస్తానయ్యా దీన్ని, నా చెల్లెల్ని?"

అని ఘొల్లుమని ఏడ్చింది. ఆవిడను చూసి నేనేడ్చాను. నన్ను చూసి ఊరేడ్చింది. అర్ధరూపాయి జరిమానా అని అరవాల్సిన వాడు కూడా ఏడుస్తూ అత్తా అన్నాడు. ఇక అందరూ వారం రోజుల బాకీ తీర్చుకున్నట్టు పిన్నీ, వదినా, అక్కా అని ఒకటే గోల. ఇన్‌స్పెక్టరు కలం మూసేసి నా అరుగు మీద కూలబడ్డాడు. ఎండన పడి వచ్చాడు పాపం. మజ్జిగ ఇచ్చాను. ఒక్క నిమిషం నడుం వాలుస్తానంటే కొత్త పరుపు వేశాను. ఆ ఒక్క నిమిషం పొద్దు గుంకేదాకా అయింది.

నాయనా, పింఛను వద్దు. నాకు ఎవరూ లేరని చెప్పించుకుని తెచ్చుకున్న పదిహేను రూపాయలతో ఏ పిల్లవాడి చేతిలో ఈదీ పెట్టను? ఫైలు మూసేయండి. మీరు మంచివారు, మీకు శ్రమ ఇచ్చాను.

ఇట్లు,
అందరికీ అన్నీ అయిన ఖాదర్‌బీ.

రెబ్కా తా.క. అయ్యా, ఇది రాయవద్దని ఆమె అన్నది. అయినా రాస్తున్నాను. నిద్ర లేచి ఇన్‌స్పెక్టరు గారు కళ్లు కూడా తెరవకుండా అన్న మొదటి మాట, "అత్తా, కాసిని మంచినీళ్లు." సైకిలెక్కి వెళ్తూ అన్న ఆఖరి మాట, "వస్తానత్తా." నేను రెండు చెవులా విన్నాను. ఆయన దగ్గర జరిమానా వసూలు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

*

తాలూకా కచేరీ,
22-1-1962.

అత్తయ్య గారికి నమస్కారములు.

మీ ఉత్తరం మూసేయమన్న ఫైలును తెరిచింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, కచేరీ భాషలో రాస్తే నాకు ఊపిరాడడం లేదు.

తహసీల్దారు గారి ముందు మీ ఫైలు పెట్టాను. అంకారావు గారి రిపోర్టులో "బంధువులు మునుపటి కన్న ఎక్కువైనారు" అని ఉంది. దాని కింద మీ ఉత్తరం, దాని కింద రెబ్కా గారి తాజాకలం. తహసీల్దారు గారు ఆ తాజాకలం దగ్గర ఆగిపోయారు. అంకారావు గారిని పిలిపించారు.

"ఏమయ్యా, ఈ ఖాదర్‌బీ నీకు అత్తా?"

"కాదండీ. వారెవరో, నేనెవరో."

"మరి అత్తా అన్నావట?"

ఆయన చెమటలు తుడుచుకుని, "అన్నానండీ. ఆ పరుపు మీద పడుకుని లేచినవాడు ఎవడైనా అంటాడండీ" అన్నారు.

"ఆ ఊళ్లో అందరూ ఏ పరుపుల మీద పడుకుంటున్నారు?"

"ఆమె కుట్టినవేనండీ. పెళ్లికి పరుపు కుట్టి ఇవ్వడం ఆమె ఆనవాయితీ అట. పైసా పుచ్చుకోదట."

తహసీల్దారు గారు ఫైలు దగ్గరికి లాక్కున్నారు. తరవాత ఒక మాటన్నారు. "ఆవిడ నీకు అత్త అయితే నీ జీతంలోంచి నెలకు పదిహేను రూపాయలు ఇయ్యి. కాకపోతే, అత్తా అన్న ప్రతివాడూ అల్లుడు కాడని రాసి సంతకం పెట్టు." అంకారావు గారికి ఆరుగురు పిల్లలు. వెంటనే సంతకం పెట్టారు.

ఊరంతా చెయ్యనన్న సంతకం ఆ ఒక్కటీ వచ్చింది. "విచారణకు వచ్చిన అధికారియే ఒక పూటలో అర్జీదారును అత్తా అని పిలిచినందున, సదరు గ్రామములో వరస అనునది బంధుత్వమునకు ఋజువు కానేరదని తేల్చడమైనది" అని ఆర్డరు పడింది. ఎవరూ మిమ్మల్ని కాదనాల్సిన పని లేదు. ఎవరేమని పిలిచినా సరే, పింఛను మంజూరు. ఫిబ్రవరి నుంచి మనియార్డరు వస్తుంది. ఈ ముక్క రాస్తుంటే నాకేదో ప్రమోషను వచ్చినట్టుంది!

ఇంకొక మాట. ఆ ఆర్డరు పట్టుకుని బీరువాలో పాత ఫైళ్లు తీశాను. దూది ఏకినవాళ్లవీ, వాళ్ల భార్యలవీ అర్జీలు కట్ట కట్టి ఉన్నాయి. అందరివీ కొట్టేసినవే. కారణం ఒక్కటే, "బంధువులు అధికముగా ఉన్నారు." నేనే రాశాను ఆ మాట. మిల్లులో మీరు బయటివాళ్లని అన్న మేస్త్రీకీ నాకూ ఏమీ తేడా కనపడలేదు. ఆ కట్ట తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను.

ఇట్లు,
సీతారామాంజనేయులు.

తా.క. దిండు మీద ఆశ వదులుకోండి. తహసీల్దారు గారి కుర్చీకి చేరింది. అక్కణ్ణించి తెచ్చే అధికారం నాకు లేదు.

*

కొండ్రుపాలెం,
10-2-1962.

మహారాజశ్రీ గుమాస్తా గారికి, కొండ్రుపాలెం ఖాదర్‌బీ సలాములు, దణ్ణాలు.

మనియార్డరు వచ్చింది! జాన్ బాషా ఊరి మొగలోనే కేక పెట్టాడు. ఊరంతా వెంట వచ్చారు. పదిహేను రూపాయలూ నా చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్నాడు. రంజాను నెల, ఒక్కపొద్దు ఉన్నాను, అయినా ఆకలి దప్పిక తెలియలేదు. వెంకటరావమ్మ నోట్లు తిరగేసి మరగేసి చూసి, నిజమైనవే అని తేల్చి, అప్పుడు పోట్లాట మొదలుపెట్టింది. దూది మళ్లీ మిరపకాయల మీద పడిందట. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం దీనితో తిప్పి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకండి. పైన అత్తయ్య గారికి అని రాశారు. రెబ్కా చదవగానే ఊరంతా ఈలలు వేశారు, నాకు మాత్రం గుండె ఆగింది. కచేరీ గుమాస్తా కచేరీ కాగితం మీద, సంతకం పెట్టి మరీ, అత్తయ్య అని రాస్తాడా? రేపు మీ చోట కొత్తవాడొచ్చి ఫైలు తీస్తే, ఈమెకు సర్కారు ఉద్యోగం చేసే అల్లుడున్నాడని కొట్టిపారెయ్యడూ? ఆ మాట కొట్టేసి, ఖాదర్‌బీకి అని రాసి పంపండి. మునుపు మీరు రాసినట్టే, గారు కూడా లేకుండా.

మీ బల్ల మీది కట్ట సంగతి మావాళ్లందరికీ కబురు పెట్టాను. చిలకలూరిపేట నుంచి జాన్‌బీ, ప్రత్తిపాడు నుంచి రహిమున్నీసా, ఇంకా విల్లు పట్టిన చేతులూ, మిల్లులో ఊపిరి పోగొట్టుకున్నవాళ్ల పెళ్లాలూ, అందరూ వస్తున్నారు. వచ్చే సోమవారం మునసబు గారి బండి, కరణం గారి బండి కట్టించుకుని మీ కచేరీకి తీసుకొస్తున్నాను. ముందే చెబుతున్నా, ఒక్కొక్కళ్లకూ ఊరంతా కొడుకులే. ఒక్కొక్కళ్ల దగ్గరికీ అంకారావును పంపండి. పరుపులు మేం వేస్తాం.

ఇక చివరి మాట. కాగితం మీద నేను మీకేమీ కాను. పండగనాడు మాత్రం పిల్లల్ని తీసుకుని రండి. నా చెయ్యి పైన ఉంటుంది, చూద్దురు గాని.

ఇట్లు,
ఖాదర్‌బీ.

రెబ్కా తా.క. అయ్యా, ఈదీకి ఆమె డబ్బంతా చిల్లర మార్పించి, ఎవరికెంతో వేళ్ల మీద నాకు చెప్పింది. పిల్లలందరూ అయ్యాక అంకారావు గారి ఆరుగురూ ఉన్నారు, మీ పిల్లలూ ఉన్నారు, వెంకటరావమ్మ కూడా ఉంది. ఆఖరున, దిండు తిరిగి ఇవ్వక్కర్లేదుట, తహసీల్దారు గారికి ఒక పావలా.